తాళంచెవి తీసేశాక వెలిగిన ఎర్రదీపం

పదకొండు రోజుల తర్వాత ఈ ఉదయం నా ట్రాక్టర్ ఒక్క తిప్పుకే స్టార్టయింది. చేతులకు అంటిన గ్రీజు ఇంకా పూర్తిగా వదల్లేదు. వివరాలు మనసులో పచ్చిగా ఉన్నప్పుడే రాసేస్తున్నాను.

మొదటి తప్పు నాదే. పాత బ్యాటరీ పోయింది, కొత్తది తెచ్చాను. రెండింటి కొలతలూ ఒకటే కావడంతో పెట్టెలో చక్కగా కూర్చుంది. పాతదానికి ప్లస్ ఎడమవైపు ఉండేది, కొత్తదానికి కుడివైపు ఉంది. అప్పటికే చీకటి పడుతోంది. ఏళ్ల తరబడి నూనె, దుమ్ము పేరుకోవడంతో ఎర్రతీగ కూడా నల్లగానే ఉంది. అలవాటు ప్రకారం ఎడమ తీగను ఎడమకే బిగించాను. క్లాంపు వదులుగా అనిపిస్తే నట్టు ఇంకాస్త తిప్పాను. కుడివైపు ఎర్తు (మైనస్ తీగ) క్లాంపు మాత్రం దిగనని మొండికేసింది. స్క్రూడ్రైవర్ దూర్చి దాని నోరు వెడల్పు చేసి మరీ దించాను. తాకుతూనే పెద్ద రవ్వ లేచింది. రవ్వ రావడం మామూలేగా అనుకుని ఇంకా నొక్కాను. రెండు మూడు క్షణాల్లో, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైపు నుంచి పొగ, కాలిన వాసన వచ్చాయి. అప్పుడు గానీ లాగలేదు.

బ్యాటరీలో ప్లస్ కొమ్ము లావుగా, మైనస్ కొమ్ము కాస్త సన్నగా ఉంటుంది. తీగల క్లాంపులు కూడా దానికి తగ్గట్టే ఉంటాయి. ఒకటి వదులుగా, ఇంకోటి బిగుతుగా ఉన్నాయంటే తీగలు తారుమారయ్యాయని ఆ బ్యాటరీయే చెబుతున్నట్టు. నాకు అది తెలుసు, తెలిసీ బలవంతంగా దించాను. ఈ సంగతి ఎవరి దగ్గరా దాచను.

తీగలు సరిచేశాక డ్యాష్‌బోర్డు మీద ఏదీ వెలగలేదు. ప్రధాన ఫ్యూజు పోయింది, అదే ఆంపియర్ల ఫ్యూజు కొత్తది వేశాను. హెడ్‌లైట్లు, హారన్ పని చేశాయి, మామూలు బల్బుకు ప్లస్ మైనస్ పట్టింపు లేదు. ఇండికేటర్ ఫ్లాషర్ చచ్చిపోయింది, మార్చాను. సెల్ఫ్ మోటారు తిరిగింది, ఇంజను స్టార్టయింది. ఇవన్నీ ఒక్క గంట పని.

అసలు తలనొప్పి ఆ తర్వాత మొదలైంది. చార్జింగ్ సూచించే ఎర్రదీపం తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను స్టార్టయ్యాక ఆరిపోవాలి. నా ట్రాక్టర్‌లో సరిగ్గా తలకిందులుగా జరిగింది. తాళం తిప్పితే దీపం ఆరిపోయేది. తాళంచెవి తీసి జేబులో వేసుకుంటే మసగ్గా, నిప్పుకణికలా వెలిగేది. తాళంచెవి నా జేబులో ఉంది, దీపం ఎదురుగా వెలుగుతోంది. ఆ రాత్రి చాలాసేపు దాని ముందే నిలబడ్డాను. రెండో ఉదయానికి కొత్త బ్యాటరీ సెల్ఫ్ మోటారును సగం చుట్టు కూడా తిప్పలేకపోయింది.

అప్పుడే వర్క్‌షాపుకు తీసుకెళ్లాను. అక్కడ జరిగింది తలచుకుంటే ఇప్పటికీ మొహం వేడెక్కుతుంది. జరిగింది జరిగినట్టు, బ్యాటరీ తిరగేసి బిగించానని ఆ ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. వైద్యుడి దగ్గరా మెకానిక్ దగ్గరా నిజం దాచకూడదని నా నమ్మకం. అతను పని చేయించుకోవడానికి వచ్చిన నలుగురి వైపు తిరిగి, గొంతు పెంచి, "ప్లస్ ఏదో మైనస్ ఏదో తెలియనివాళ్లు బ్యాటరీ జోలికి ఎందుకు వెళ్లాలండీ?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నేను తలవంచుకుని నిలబడ్డాను.

ఆ మాటను భరించవచ్చు. అతను చేసిన పరీక్షను మాత్రం క్షమించలేను. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఒకటి ఊడదీశాడు. ఇంజను ఆగలేదు. "చూశారా, ఆల్టర్నేటర్ బ్రహ్మాండంగా ఉంది. పోయింది వైరింగే, మొత్తం మార్చాలి" అని తేల్చేశాడు. నాది మామూలు మెకానికల్ పంపు ఉన్న డీజిల్ ఇంజను. ఒకసారి స్టార్టయ్యాక దానికి కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ ఊడదీసినా, ఆల్టర్నేటర్ మొత్తం విప్పి పక్కన పెట్టినా అది నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఆ పరీక్ష దేన్నీ రుజువు చేయదు. పైగా చార్జింగ్ జరుగుతుండగా బ్యాటరీని తప్పిస్తే ఓల్టేజీ ఒక్కసారిగా ఎగిసి, ఓల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్, కరెంటును ఒకవైపే పంపే డయోడ్లు బాగున్నవి కూడా పోవచ్చు. మీ కళ్లముందు ఎవరైనా ఈ పని చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి, మొహమాటపడకండి. మొహమాటంతో నేను ఊరుకున్నాను.

బండి నాలుగు రోజులు అక్కడే ఉంది. రెగ్యులేటర్ మార్చామన్నారు. పాతది ఇవ్వమంటే పారేశామన్నారు. ఏ తీగ కాలిందో చూపించమంటే "అదంతా మీకు అర్థం కాదు" అన్నారు. మీటరు రీడింగు ఒక్కటైనా కాగితం మీద లేదు. ఎర్రదీపం మాత్రం నిజంగానే వెలగడం మానేసింది. సంతోషంగా తెచ్చుకున్నాను. రెండు రాత్రులు గడిచేసరికి బ్యాటరీ మళ్లీ దిగిపోయింది. ఫోను చేస్తే, "తిరగేసి పెట్టారుగా, బ్యాటరీ చచ్చింది, ఇంకోటి కొనండి" అని పెట్టేశారు. అనుమానం వచ్చి డ్యాష్‌బోర్డు విప్పి చూస్తే దీపం ఉండాల్సిన గూడు ఖాళీగా ఉంది. బల్బు పీకేశారు! జ్వరం చూపిస్తోందని థర్మామీటర్ విరగ్గొట్టడం లాంటిది ఇది. వృత్తిలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. జబ్బు దాచిపెట్టి నయమైందని చెప్పడం మోసం.

ఇక ఎవరి కాళ్లూ పట్టుకోదలచుకోలేదు. మల్టీమీటర్, టెస్ట్ ల్యాంప్ తెచ్చుకున్నాను. ముందు గూట్లో కొత్త బల్బు పెట్టాను, తలకిందుల దీపం మళ్లీ ప్రత్యక్షమైంది. బ్యాటరీని బయట చార్జర్‌కు పెట్టి, కాసేపు ఆగి చూస్తే 12.6 వోల్టులు. రోజంతా తీగలు ఊడదీసి ఉంచినా తగ్గలేదు. బ్యాటరీ నిర్దోషి.

మళ్లీ తగిలించి రాత్రి అలాగే వదిలేశాను. తెల్లవారుజామున బానెట్ ఎత్తి, ఒక్కో భాగం మీద చెయ్యి పెట్టి చూశాను. ఇంజను చల్లగా ఉంది, రేడియేటర్ చల్లగా ఉంది, సెల్ఫ్ మోటారు మీద మంచు పట్టింది. ఆల్టర్నేటర్ ఒక్కటే గోరువెచ్చగా ఉంది. రాత్రంతా కదలని యంత్రం ఒంట్లో వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? చేతిలోని స్క్రూడ్రైవర్‌ను దాని వెనకవైపు బేరింగ్ దగ్గర పెట్టాను. చటుక్కున అంటుకుంది. తాళంచెవి జేబులో ఉండగా లోపల తిరిగే భాగం, అంటే రోటర్, అయస్కాంతంగా మారి ఉంది!

అక్కడి నుంచి చిక్కుముడి దానంతట అదే విడిపోయింది. ఆల్టర్నేటర్‌లో పుట్టే, అటూ ఇటూ దిశ మారే ఏసీ కరెంటును డయోడ్లు ఒకే దిశలో పారే డీసీగా మారుస్తాయి. డయోడ్ కరెంటును ఒకవైపే వెళ్లనిస్తుంది, అందుకే ఇంజను ఆగి ఉన్నప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి రాకుండా అదే ఆపుతుంది. బ్యాటరీని తిరగేసి పెడితే అదే డయోడ్ల గుండా ఎదురులేని దారి ఏర్పడి, ఫ్యూజు పోయేలోపే అవి కాలిపోతాయి. నా ఆల్టర్నేటర్‌లో ప్లస్ వైపు డయోడ్ ఒకటి షార్ట్ అయింది, అంటే కరెంటును రెండువైపులా వదిలేస్తోంది. దాంతో బ్యాటరీ కరెంటు వైండింగ్‌లోకి (లోపలి తీగచుట్టలోకి), అక్కడి నుంచి రోటర్‌కు కరెంటు అందించే చిన్న ఫీల్డ్ డయోడ్ల ద్వారా రోటర్‌కు పగలూ రాత్రీ పారుతోంది. దీపం ఒక కొస తాళం వైపు, రెండో కొస ఆ ఫీల్డ్ వైపు ఉంటుంది. తాళం ఆపేస్తే అటు నుంచి ఓల్టేజీ వచ్చి దీపం వెలుగుతుంది. తాళం తిప్పితే రెండు కొసలకూ పన్నెండు వోల్టులే అందుతాయి, తేడా లేకపోయేసరికి ఆరిపోతుంది. ఇది అర్థమైన క్షణంలో నాకు కలిగిన ఆనందం చెప్పలేను. నన్ను నలుగురిలో అవమానించిన మనిషికి నాలుగు రోజుల్లో దొరకనిది ఇది.

ఊహ సరిపోదు కాబట్టి కొలిచాను. మైనస్ తీగ విప్పి, తీగకూ కొమ్ముకూ మధ్య మీటరును 10 ఆంపియర్ల గూట్లో పెట్టి చూస్తే 2.8 ఆంపియర్లు. అంతా ఆపేసి ఉన్నప్పుడు నా ట్రాక్టర్‌లో దాదాపు సున్నా ఉండాలి. ఆల్టర్నేటర్ వెనక లావుపాటి తీగ ఊడదీయగానే అంకె సున్నాకు పడిపోయింది. ఆ తీగ బ్యాటరీ ప్లస్‌తో నేరుగా కలిసి ఉంటుంది, విప్పేముందు, మళ్లీ బిగించేముందు మైనస్ తప్పనిసరిగా తీసి ఉంచండి. తర్వాత అన్నీ తగిలించి ఇంజను నడిపితే 12.9 వోల్టులే వచ్చాయి. మీటరును ఏసీ మీద పెట్టి బ్యాటరీ దగ్గర చూస్తే 1.4 వోల్టులు. డయోడ్లు బాగుంటే అది అర వోల్టు కూడా దాటదు.

ఆల్టర్నేటర్ విప్పడానికి బెల్టు వదులు చేసి రెండు బోల్టులు తీస్తే చాలు. లోపల డయోడ్ ప్లేటుకు అతికిన వైండింగ్ తీగల టంకం కరిగించి విడదీశాను. విడదీయకుండా కొలిస్తే అంకెలు నమ్మడానికి లేదు. మీటరు పెడితే మంచి డయోడ్ ఒకవైపు 0.5 వోల్టు దరిదాపుల్లో చూపించి, రెండోవైపు ఏమీ చూపించదు. ఐదు అలాగే ఉన్నాయి. ఆరోది అటూ ఇటూ 0.00. దాని పక్కన వార్నిష్ నల్లబడి పొక్కు కట్టి ఉంది.

డయోడ్ ప్లేటు మొత్తం కొత్తది వేశాను. ఒక్క డయోడే మార్చవచ్చు, కానీ ఆ వేడికి మిగతావి ఎంత దెబ్బతిన్నాయో తెలియదు. తీగలకు టంకం నేనే పెట్టాను. పనితనం చూసి ఏ ఎలక్ట్రీషియనూ వంక పెట్టలేడు. ప్లస్ తీగ చివర రెండుచోట్ల ఎర్రటి టేపు చుట్టి, సాగిన ఎర్తు క్లాంపు మార్చి, మైనస్ ఆఖరున బిగించాను.

నిన్న సాయంత్రం తాళం తిప్పగానే ఎర్రదీపం నిండుగా వెలిగింది. ఇంజను అందుకోగానే ఆరిపోయింది. బ్యాటరీ దగ్గర 14.2 వోల్టులు, లైట్లన్నీ వేస్తే 13.9. ఇంజను ఆపి తాళంచెవి తీశాను, దీపం వెలగలేదు. స్క్రూడ్రైవర్‌ను ఆల్టర్నేటర్ వెనక ఆనించి వదిలాను. అది జారి నా బూటు మీద పడింది.