పిర్నా ఖైదీల బల్ల: పని ఎక్కడిదాకా వచ్చింది

యూరప్‌లో 1756–63 మధ్య జరిగిన ఏడేళ్ల యుద్ధాన్ని చిన్న బొమ్మలతో బల్ల మీద ఆటగా ఆడతాను; ఈసారి అందులో పోరు లేదు. బల్ల నిండా ఖైదీలు, పారిపోయేవాళ్లే. ప్రష్యా, సాక్సనీ అప్పటి జర్మన్ రాజ్యాలు. 1756 అక్టోబరులో సాక్సనీలోని పిర్నా ఊరి దగ్గర ప్రష్యన్ల ముట్టడిలో చిక్కి, తిండి నిండుకున్న సాక్సనీ సైన్యం లొంగిపోయింది. సుమారు 18,000 మంది. ఆఫీసర్లలో తన కొలువుకి రానన్నవాళ్లను, ఈ యుద్ధంలో మళ్లీ కత్తి పట్టబోమని మాట తీసుకుని వదిలేశాడు ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్. మామూలు సిపాయిల ఇష్టం ఎవరడుగుతారు? బలవంతాన ప్రమాణం చేయించి, తన సైన్యంలో పది రెజిమెంట్లు (పెద్ద దళాలు) చేశాడు. పాత దళాలను విడగొట్టకుండా అలాగే ఉంచడం మాత్రం శుద్ధ తెలివితక్కువతనం అనిపిస్తుంది నాకు. మరుసటి ఏడాదికి గుంపులు గుంపులుగా జారుకున్నారు.

ఖైదీల వరుస పూర్తయింది. 1/72 స్కేలు (అసలు మనిషిలో 72వ వంతు) మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు కాబట్టి ముందు సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాను. కొత్త బ్లేడుతో తుపాకులు, తూటాల సంచులు కోసేశాను. టోపీ, కోటు ఉంచాను. నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేశాకే రంగు; లేకపోతే కాళ్ల దగ్గర పెచ్చులూడిపోతుంది. సాక్సన్ల కోటు తెలుపు. నేరుగా తెలుపు వేస్తే సున్నం కొట్టినట్టు ఉంటుంది, అందుకని లేత బూడిద వేసి, మడతల మీద మాత్రం తెలుపు తాకించాను. కాపలా ప్రష్యన్లకు ముదురు నీలం.

ఇప్పుడు శిబిరం. సొంత సిపాయిలు పారిపోకుండా ఎలా ఆపాలో ఫ్రెడరిక్ తన జనరల్స్‌కి రాసిచ్చిన సూచనల్లో మొదట్లోనే ఉంది: పెద్ద అడవి పక్కన గుడారాలు వేయొద్దు, అవసరం లేకుండా రాత్రి నడక వద్దు, హుస్సార్లు (తేలికపాటి గుర్రపు సిపాయిలు) శిబిరం చుట్టూ గస్తీ తిరగాలి, నీళ్లకో గడ్డికో వెళ్తే వెంట ఆఫీసర్ ఉండాలి. అందుకే నా హుస్సార్లలో సగంమంది మొహాలు గుడారాల వైపే తిప్పి అతికించాను. శత్రువు కంటే సొంతవాళ్ల మీదే ఎక్కువ టెన్షన్! అడవికి గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ చింపి పుల్లలకు గుచ్చాను, బాగానే కుదిరింది.

ఒంటరిగా ఆడే నియమాలు ఇవి. రాత్రి పడగానే ఒక్కో బెటాలియన్‌కి (రెజిమెంట్‌లో ఒక భాగానికి) పాచిక వేయాలి. 1 పడితే ఒక బొమ్మ పోయినట్టే. ఆరంగుళాల లోపు అడవి ఉంటే 2 పడ్డా పోతుంది. సాక్సన్లయితే ఇలా బొమ్మ పోయే అంకెల్లో పైది ఇంకొకటి కలుపుకోవాలి. మధ్యలో గస్తీ ఉంటే ఆ అంకెల్లో పైది ఒకటి తగ్గుతుంది, కానీ 1 పడితే ఎవరూ ఆపలేరు.

పారిపోయి దొరికినవాడిని ఏం చేయాలన్నది తేలడానికి టైమ్ పట్టింది. అందరినీ ఉరి తీస్తే సైన్యానికి మనిషి రెండోసారి పోయినట్టే. అందుకే ఎక్కువగా 200 మందిని రెండు వరుసలుగా నిలబెట్టి, మధ్యలో నడిపిస్తూ బెత్తాలతో కొట్టించేవాళ్లు. తిరిగొస్తే క్షమిస్తామన్న ప్రకటనలూ ఉండేవి. ఆటలో ఆ బొమ్మ ఒక రోజు పక్కన కూర్చుని మళ్లీ వరుసలోకి వస్తుంది. బెత్తాల వరుసను బొమ్మల్లో చేయను, మనసొప్పలేదు.

మిగిలింది ఖైదీల మార్పిడి: సిపాయికి సిపాయి, హోదాకి హోదా, తేడా ఉంటే డబ్బు. దానికి అట్ట చీటీలు కోస్తున్నాను.