అరవై అంగల అవతల

తెల్లవారుజామున 3 గంటలకు సెయింట్ లూయిస్‌లో బయలుదేరాం. పొటోసి ఊరు దాటి మార్క్ ట్వైన్ జాతీయ అరణ్యంలో కారు ఆపేసరికి ఇంకా చిమ్మచీకటే. అమెరికాలోని ఈ మిస్సోరీ రాష్ట్రంలో ఏప్రిల్ మూడో సోమవారం మొదలయ్యే వసంతకాలపు అడవి టర్కీ కోళ్ల వేట మూడు వారాలే ఉంటుంది. ఆఫీసులో నాతో పనిచేసే పెద్దాయన ముప్పై ఏళ్లుగా ఈ కొండల్లో తిరుగుతున్నారు. ఆయన వెంట వెళ్లాలని చలికాలమంతా చదివి, వేట భద్రత పరీక్ష ప్యాసై, లైసెన్సు తీసుకున్నాను. నా బట్టల్లో ఎరుపు, తెలుపు, నీలం ఎక్కడా కనబడకుండా ఆయన రెండుసార్లు సరిచూశారు. పుంజు తలకు ఉండే రంగులు అవే. పొదల్లో అవి కదిలితే ఇంకో వేటగాడు పొరబడి కాల్చవచ్చు.

ఓక్ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాం. ఎదురుగా ఇరవై అంగల దూరంలో రబ్బరు పెట్టను నిలబెట్టాం. ఇలాంటి ఎర పిట్టనే మనవాళ్లు దీమం అంటారు. దీమంతో కౌజులు పట్టేవాళ్ల గురించి చిన్నప్పుడు నాన్న చెబితే విన్నాను. ఆ మాట ఇంత దూరంలో గుర్తొచ్చింది.

టర్కీలు రాత్రిళ్లు చెట్లపైనే పడుకుంటాయి. పెద్దాయన నోటితో గుడ్లగూబలా కూశారు. మరుక్షణమే గట్టుమీది చెట్లలోంచి పుంజు గుడగుడా బదులు పలికింది. ఒళ్లు జలదరించింది.

ఆయన జేబులోంచి జానెడు చెక్క డబ్బా తీశారు. మూత అడుగున సుద్ద రాసి డబ్బా అంచుమీద నెమ్మదిగా లాగితే అచ్చంగా పెట్ట పిలుపే. ఈ వేటలో కష్టమంతా అక్కడే ఉంది. పుంజు కూస్తే పెట్ట దాని దగ్గరికి వెళ్లడం సహజం. మేమేమో పుంజునే రమ్మంటున్నాం.

అయినా వచ్చింది. తోక విసనకర్రలా విప్పి, రెక్కల కొసలు నేలకు ఈడుస్తూ, పాత బండిబాటమీద అటూ ఇటూ తిరిగింది. ఎండ పడగానే ఈకలు రాగిరంగులోంచి ఆకుపచ్చలోకి మారాయి. ఛాతీ మీది కుచ్చు గడ్డంలా వేలాడుతోంది. దూరం అరవై అంగలు. నలభై దాటితే కాల్చకూడదని ముందే అనుకున్నాం. గాయపడి పారిపోయిన పక్షి ఏ పొదలోనో నరకయాతన పడి చస్తుంది. తుపాకి మోకాలిమీద ఆనించి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చున్నాను. చేతులు మొద్దుబారాయి. అంతలో ఎడమవైపునుంచి నిజమైన పెట్ట ఒకటి నడిచివచ్చింది. పుంజు దాని వెనకే గట్టు దిగిపోయింది.

ఆ తర్వాత అడవి మూగబోయింది. రెండు లోయలు తిరిగాం. ఎండుటాకులు గీరిన చోట్లు కనబడ్డాయి కానీ పక్షి జాడ లేదు. నడుస్తూ పెద్దాయన పాత సంగతులు చెప్పారు. 1950ల మొదట్లో రాష్ట్రం మొత్తంమీద 2,500 టర్కీలు కూడా మిగల్లేదట. 1954 నుంచి ఉన్నచోట పట్టి లేనిచోట వదిలారు. 1960లో వేటకు మళ్లీ అనుమతిస్తే, ఆ మూడు రోజుల్లో చిక్కినవి 94. ఆ లెక్క విన్నాక, ఉదయం చూసిన పక్షి నాకు ఇంకా అపురూపంగా తోచింది.

ప్రభుత్వ అడవిలో మధ్యాహ్నం ఒంటిగంటకల్లా వేట ఆపాలి. తూటాలు తీసేసి, ఆ పుంజు తిరిగిన చోటికి వెళ్లాం. తడిమట్టిలో మూడువేళ్ల అడుగులు, వాటికి రెండు పక్కలా రెక్కలు గీసిన సన్నని గీతలు. నేను వంగి ఒక గీత వెంట వేలు పెట్టి వెళ్లాను. అది వాగు ఒడ్డున ఆగిపోయింది. మేము కూర్చున్న చోటినుంచి ఆ వాగు కనిపించదు. మూరెడు నీళ్లు, అవతల నిటారు గట్టు. ప్రతిసారీ పుంజు ఇక్కడిదాకా వచ్చి వెనక్కి మళ్లింది.

పెద్దాయన వాగు ఇవతలే ఉన్న ఓక్ చెట్టు దగ్గరికి వెళ్లి, దాని మొదలు దగ్గర రాళ్లు ఏరి పక్కన పెట్టసాగారు. వచ్చే శనివారం కూర్చోవడానికి.