ఏ కుర్చీలో కూర్చున్నా అదే తెర

కడపలో ఒక డిగ్రీ కళాశాల కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. 40 కంప్యూటర్లు, ఒక సర్వరు. చెన్నూరు, సిద్ధవటం వైపు నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల్లో చాలామంది మౌస్ పట్టుకునేది ఇక్కడే మొదటిసారి. నిన్న ఉన్న ఐకాన్ ఈరోజు కనిపించకపోతే చేతులు ముడుచుకుని కూర్చుంటారు. అడగడానికీ మొహమాటమే. అందుకే ఎక్కడ కూర్చున్నా ఒకే తెర రావాలని పట్టుబట్టాను.

మొదట రోమింగ్ ప్రొఫైల్ పెట్టాను. ప్రొఫైల్ అంటే ఒకరి తెర అమరికలు, ఫైళ్లు ఉండే ఫోల్డరు. లాగిన్‌లో అది సర్వరు నుంచి దిగుతుంది, లాగాఫ్‌లో తిరిగి ఎక్కుతుంది. పిల్లలు డెస్క్‌టాప్ మీద వీడియోలు దాచుకోవడంతో క్లాసులో పావుగంట లాగిన్‌కే సరిపోయేది. ల్యాబుకు ఈ పద్ధతి పనికిరాదు.

తర్వాత మాండేటరీ ప్రొఫైల్, అంటే అందరికీ ఒకటే ఉండే, ఎవరి మార్పులూ నిలవని ప్రొఫైల్. తెరను కావలసినట్టు సిద్ధం చేసి, ప్రొఫైల్‌ను సర్వరులోకి కాపీ చేసి, ఎన్‌టీయూజర్.డాట్ అనే ఫైలును ఎన్‌టీయూజర్.మ్యాన్‌గా మార్చాలి. ఇక ఎవరు ఏం మార్చినా సర్వరులోని అసలు ప్రతికి అంటదు. అంతా చేసినా సర్వరులోని ప్రొఫైల్ అందలేదనే సందేశమే వచ్చేది. రెండు సాయంత్రాలు దానికే పోయాయి. మావి విండోస్ 10 యంత్రాలు. 1607 వెర్షన్ నుంచి సర్వరులోని ప్రొఫైల్ ఫోల్డరు పేరు చివర '.వి6' ఉండాలి. యూజర్ అకౌంట్‌లో ఆ ఫోల్డరుకు ఇచ్చే దారిలో (పాత్) మాత్రం రాయకూడదు, విండోసే చేర్చుకుంటుంది. నేను రెండు చోట్లా రాశాను.

స్టార్ట్ మెనూ అమరికను ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలుగా తీసి, సర్వరు నుంచి అన్ని యంత్రాలకూ ఒకే సెట్టింగులు పంపే గ్రూప్ పాలసీలో పెట్టాను. 4 యంత్రాల మెనూలో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ రాలేదు. అక్కడ దాన్ని ఒక్క అకౌంట్‌కే ఇన్‌స్టాల్ చేశారు, అందరి మెనూలో షార్ట్‌కట్ లేదు. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోయింది.

మొదటి వారంలోనే ఒకమ్మాయి వచ్చి, “సార్, నిన్న డెస్క్‌టాప్ మీద పెట్టిన రికార్డు లేదు” అంది. మాండేటరీ ప్రొఫైల్‌లో లాగాఫ్ కాగానే అవన్నీ చెరిగిపోతాయి. ముందే చెప్పవలసింది నేను. ఆ రోజే డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లను సర్వరులో ఎవరి ఫోల్డరులోకి వారివి మళ్లించాను. అందరికీ కావలసిన ఐకాన్లను, యంత్రంలో ఎవరు లాగిన్ అయినా కనిపించే పబ్లిక్ డెస్క్‌టాప్‌లో ఉంచాను.

పోయిన రికార్డును ఆమె పక్కనే కూర్చుని మళ్లీ టైపు చేయించాను. మర్నాడు కావాలనే ఆమెను కిటికీ పక్క యంత్రం దగ్గర కూర్చోబెట్టాను. లాగిన్ కాగానే ఫైలు మీదికి వేలు చూపించి, “ఇక్కడే ఉంది సార్” అంది.