పదహారో గుర్రం

"పోయింది పది పౌండ్లే కదా, పడుకో" అన్నాడు ఈయన. బాధ పది పౌండ్ల గురించి కాదని చెప్పబోయేసరికి అటు తిరిగి పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు. కిందికి వచ్చి లైటు వేసుకుని కూర్చున్నాను. బల్ల మీద ఎదురుగా ఆ గుర్రప్పందెం చీటీ ఉంది.

మార్చి వచ్చిందంటే మా వైపు ఎలా ఉంటుందో ఏటా రాస్తూనే ఉన్నాను. ఇంగ్లండ్‌లో ఈ చెల్టెన్‌హామ్ గుర్రప్పందేల నాలుగు రోజులూ ఆఫీసు బస్సులో కాలు పెట్టడానికి చోటుండదు. ఈసారి అత్తమ్మ వచ్చి ఉంది గనక ఇవాళ సెలవు పెట్టాను. మైదానానికే తీసుకెళ్ళేదాన్ని గానీ, ఆ చలిగాలిలో, మోకాళ్ళ నొప్పులతో అన్ని గంటలు నిలబడటం ఆమె వల్ల కాదు. టీవీలో చూద్దామనుకున్నాం.

నేను ఏడాదికి రెండే పందేలు కాస్తాను. ఇక్కడ ఒకటి, ఏప్రిల్‌లో ఎయిన్‌ట్రీ గ్రాండ్ నేషనల్ మీద ఒకటి. రెండూ హ్యాండిక్యాప్ చేజ్‌లే, అంటే గుర్రాలకు వేర్వేరు బరువులు వేసి కంచెలు దూకించే పందేలు. ఇక్కడి పెద్ద పందెం గోల్డ్ కప్ మీద నాకు మోజు లేదు. అందులో గుర్రాలు దాదాపు ఒకే బరువు మోస్తాయి, ఏది మేలైనదో అందరికీ ముందే ఒక అంచనా ఉంటుంది. హ్యాండిక్యాప్‌లో అలా కాదు. ఒక్కో గుర్రం పాత పందేలన్నీ చూసి రేటింగ్ ఇచ్చి, దాన్నిబట్టి బరువు వేస్తారు. అన్నీ ఒకేసారి గీత దాటాలన్నది ఆ బరువులు వేసేవాళ్ళ ఆశ. మూడు మైళ్ళ పందెంలో ఒక పౌండు బరువు ఇంచుమించు ఒక గుర్రం పొడవుతో సమానమని ఇక్కడివాళ్ళ లెక్క.

అత్తమ్మకు ఇదంతా బియ్యం సంచితో చెప్పాను. అన్నిటికన్నా పై గుర్రానికి 12 స్టోన్లు, అంటే 76 కిలోలు. మేం కాసినదానికి 10 స్టోన్ల 6 పౌండ్లు, 66 కిలోలు. తేడా సరిగ్గా వంటింట్లో ఉన్న సోనా మసూరి సంచి అంత. జాకీ, జీను కలిపినా బరువు చాలకపోతే, జీను కింది గుడ్డ అరల్లో సీసం పలకలు దోపుతారు. దిగాక మళ్ళీ తూకం వేస్తారు.

"మంచిగ ఉరికేదాని మీదనే ఎక్కువ మోత పెడ్తరా?"

"గెలిచినకొద్దీ పెంచుతారత్తమ్మా."

"ఇంటికి పెద్దకోడలి లెక్క" అంది, టీవీ మీంచి కళ్ళు తీయకుండానే.

ఆ మోత పెరిగినా గెలిచేవి కొన్ని ఉంటాయి, వాటి కోసమే నేను చూస్తాను. కోరాక్ ర్యాంబ్లర్ 2022లో ఇదే మైదానంలో అల్టిమా అనే హ్యాండిక్యాప్ చేజ్ గెలిచింది. రేటింగ్ పెంచారు. 2023లో మళ్ళీ అదే పందెం గెలిచి, మరుసటి నెల గ్రాండ్ నేషనల్ కూడా గెలిచింది. మొదట్లో వెనకాలే ఉండి, చివర్లో ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వచ్చేది. 2024 నేషనల్‌లో మొదటి కంచె దగ్గరే దాని జాకీ కింద పడిపోయాడు. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

ఇవాళ్టి గుర్రాన్ని ఎంచింది అత్తమ్మే. బూడిద రంగుది. "కళ్ళద్దాలు లేకున్నా కనబడ్తది" అంది. నేనూ చూశాను. బరువు తక్కువ. తడి నేల మీద ఇదివరకు గెలిచింది. రేటు 20కి 1, అంటే గెలిస్తే పౌండుకు ఇరవై. పొద్దున బజారులో పందేల దుకాణానికి వెళ్ళి అయిదు పౌండ్ల ఈచ్ వే రాశాను. అంటే అయిదు గెలుపు మీద, అయిదు స్థానం మీద. పదహారు గుర్రాలు, పైన తెర మీద నాలుగు స్థానాలని రాసి ఉంది, అంటే మొదటి నాలుగింట్లో వస్తే స్థానం డబ్బులు వస్తాయని. కౌంటర్‌లో అబ్బాయి చీటీని మిషన్‌లో పెట్టి తిరిగిచ్చాడు.

పందెం మొదలయ్యే ముందు వంటింట్లో కుక్కర్ కూత పెట్టింది. ఆ రెండు నిమిషాలే నేను టీవీ ముందు లేనిది.

తిరిగి వచ్చేసరికి గుర్రాలు పరుగులో ఉన్నాయి. ఇరవై కంచెలు. మాది చాలాసేపు పదో పదకొండో స్థానంలో ఉంది. చివరి నుంచి రెండో కంచె దగ్గర ముందుకాళ్ళు తగిలి ముక్కు నేలకు ఆనినంత పనైంది. జాకీ కళ్ళేలు పూర్తిగా వదులు చేసి, దాని మెడకు కావలసినంత చోటిచ్చాడు. అది తల ఎత్తుకుని మళ్ళీ పరిగెత్తింది. చివరి కంచె తర్వాత ఆ మైదానంలో ఎత్తు ఎక్కాలి, అక్కడే చాలావాటికి ఊపిరి అయిపోతుంది. మాది ఎక్కింది. ఒకదాన్ని దాటింది, ఇంకొకదాన్ని దాటింది. అత్తమ్మ సోఫా చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది. నాలుగోది. అయిదోదానికన్నా ఒక మెడంత ముందు.

నేను అక్కడికక్కడే లెక్క కట్టాను. స్థానానికి ఇచ్చేది రేటులో నాలుగో వంతు. 20కి 1లో నాలుగో వంతు అంటే 5కి 1. అయిదు పౌండ్లకు ఇరవై అయిదు, కాసిన అయిదు కలిపి ముప్పై. అత్తమ్మకు మంచి ఉన్ని శాలువా కొందామనుకున్నాను.

సాయంత్రం దుకాణంలో అదే అబ్బాయి చీటీ స్కాన్ చేసి తల అడ్డంగా ఊపాడు. పరిగెత్తినవి పదిహేనే అన్నాడు. స్టార్ట్ దగ్గర ఒకదాన్ని తీసేశారట. పదహారైతే నాలుగు స్థానాలు, పన్నెండు నుంచి పదిహేను వరకైతే మూడే. కాసినప్పటి సంఖ్య కాదు, బయలుదేరినప్పటి సంఖ్యే లెక్క. నాకు ఈ నియమం తెలియక కాదు. ఇన్నేళ్ళుగా తెలుసు. కానీ పొద్దున తెర మీద "నాలుగు స్థానాలు" అని అంత పెద్దగా పెట్టినవాళ్ళు, కింద ఒక్క ముక్క, "పదహారూ పరిగెత్తితేనే" అని, అదే సైజులో ఎందుకు పెట్టరు? నేను చీటీ ఇచ్చినప్పుడు ఆ అబ్బాయి "సరిగ్గా పదహారే ఉన్నాయి, చూసుకోండి" అని ఒక మాట అనొచ్చు కదా? సరిగ్గా పదహారు ఉన్న పందెంలో ఇలా జరగడం కొత్తేమీ కాదు. వాళ్ళకు రోజూ తెలిసే సంగతి. నియమాలు గోడ మీద ఉన్నాయని చూపించాడు. ఉన్నాయి. తలుపు వెనక, కోటు తగిలిస్తే కనబడని చోట, చీమ తలకాయంత అక్షరాల్లో. పది నిమిషాలు వాదించాను. నా వెనక నలుగురు నిలబడ్డారు. ఒకాయన నిట్టూర్చాడు కూడా.

పైగా తీసేసిన గుర్రం 40కి 1ది. గెలుస్తుందని ఎవరూ అనుకోనిది. రేటు అంత ఎక్కువ కాబట్టి, అది లేకపోయినా మిగతావాటి మీద గెలిచినవాళ్ళ డబ్బులో పైసా కోయరు. నాలుగోగా వచ్చినదాని మీద కాసినవాళ్ళకే దెబ్బ. ఆ పదహారోది ఊరికే బయలుదేరి, చివరన పడి వచ్చినా మాకు ముప్పై పౌండ్లు వచ్చేవి. దారి పొడుగునా ఇదే అనుకుంటూ నడిచాను. ఊరికే నడిచినా చాలు కదా అని.

ఇంటికొచ్చి అత్తమ్మతో అదే మాట అన్నాను. ఆమె టీవీలో నేను చూడని ఆ రెండు నిమిషాలూ చూసింది. "అది కుంటుతుండె బిడ్డా. డాక్టరు కాలు వట్టి చూసి వద్దన్నడు" అంది.

అప్పటినుంచీ హైదరాబాద్‌లో మలక్‌పేట రేసుల మైదానం గుర్తొస్తోంది.

నేను డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు నాన్న రెండు మూడుసార్లు రేసులకు తీసుకెళ్ళాడు. అమ్మకు ఇష్టం ఉండేది కాదు. నాన్నకు ఒక పద్ధతి ఉండేది. చొక్కా పై జేబులో పెట్టుకున్నంతే పందేనికి, అది ఖాళీ అయితే ఇంటికి. పక్క జేబులో బస్సు డబ్బులు, చాయ్ డబ్బులు. రేసు పుస్తకం మార్జిన్లలో పెన్సిల్‌తో అంకెలు వేసేవాడు. బరువులు అక్కడ కిలోల్లో. దూకేవి లేవు, అన్నీ చదును పరుగులే. ఆరో నిజాం 1886లో మౌలాలి నుంచి పందేలను తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఇక్కడికి మార్చాడని, ఆ మాన్షన్‌లోనే తర్వాత గంజ్ పెట్టారని నాకు చెప్పింది నాన్నే.

ఒక ఆదివారం, చలికాలం రేసులు. మలుపు తిరిగి తిన్నటి దారిలోకి వస్తుండగా ఒక గుర్రం ఆగిపోయింది. మిగతావి వెళ్ళిపోయాయి. ముందుకాలు నేలకు ఆనించలేక గాల్లోనే పెట్టుకుని నిలబడింది. జాకీ దిగి దాని మెడ మీద చెయ్యి వేశాడు. ఇంతలో మనుషులు పరిగెత్తుకొచ్చి పచ్చగుడ్డ తెర పట్టారు. తెర కింద కాళ్ళు కనబడుతున్నాయి, నాలుగు గుర్రానివి, మిగతావి మనుషులవి. నాన్న నా భుజం పట్టి అటు తిప్పాడు. "దా, చాయ్ తాగుదాం" అన్నాడు. చాయ్ చేతికిచ్చి, నన్ను అక్కడే నిలబెట్టి, తను వెళ్ళి డబ్బులిచ్చే కిటికీ ముందు లైన్‌లో నిలబడ్డాడు. ఆ పందెంలో ఆయన కాసింది గెలిచింది.

ఆ లైన్ నాకు ఎన్నో ఏళ్ళు గుర్తుండిపోయింది. ఎలా నిలబడ్డాడు అని. అడగలేదు, కానీ తర్వాత ఆయనతో మళ్ళీ రేసులకు వెళ్ళలేదు. పరీక్షలని చెప్పేదాన్ని.

ఇవాళ నేను నిలబడింది కూడా అదే లైన్. ఆ డాక్టర్ కాలు పట్టి చూసి వద్దనకపోయి ఉంటే, ఆ గుర్రం కుంటి కాలితో ఇరవై కంచెలు దూకాల్సి వచ్చేది. ఊరికే నడిచినా చాలనుకున్నాను నేను, దాన్ని చూడనైనా చూడకుండా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. తీసేయడమే సరైన పని. పదిహేనుకు మూడు స్థానాలే అన్నా నాకిప్పుడు కోపం లేదు.

తెర మీది పెద్ద అక్షరాల గురించి మాత్రం ఉంది. అది వేరే సంగతి. శనివారం వెళ్ళి, మేనేజర్‌నే అడుగుతాను.

హైదరాబాద్‌లో అయిదు దాటింది, పాలవాడు వచ్చే వేళకు నాన్న లేస్తాడు. ఆ రోజు లైన్‌లో ఏమనుకుంటూ నిలబడ్డావని అడగాలనుంది. చెప్తాడో లేదో. ముందు బూడిద గుర్రం సంగతి చెప్తాను, ఎలాగూ ఆయన మొదట అడిగేది అది ఎంత బరువు మోసిందనే.