మూడు వేల లైన్లలో మా కంటైనర్లు

శనివారం సాయంత్రం మా సార్ ఒక పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి, "ఇందులో ఏవి యార్డు దాటాయో సోమవారానికి చెప్పమ్మా" అని వెళ్లిపోయారు. మాది విశాఖ పాత పోస్టాఫీసు దగ్గర చిన్న క్లియరింగ్ ఆఫీసు, ఓడల్లో వచ్చే, పోయే సరుకుకు కస్టమ్స్ పనులు చూస్తాం. పెన్‌డ్రైవ్‌లో రెండు టెక్స్ట్ ఫైళ్లు. ఒకటి మాది: లైనుకో కంటైనర్ నంబరు, మొత్తం 412. రెండోది యార్డు, అంటే కంటైనర్లు నిలవుంచే చోటు, దాని గేటు దాటిన లారీల జాబితా, మూడు వేల లైన్లు. తేదీ, లారీ నంబరు, డ్రైవర్ ఫోను, సీలు నంబరు, మధ్యలో ఎక్కడో కంటైనర్ నంబరు, అన్నీ ఒకే లైనులో కుక్కేశారు.

ఎక్సెల్‌లో ఒక జాబితాలోవి ఇంకో జాబితాలో వెతికే వీ-లుకప్ వేశాను. నేను వేసిన పద్ధతిలో సెల్ మొత్తం సరిపోతేనే దొరికినట్టు, ముక్క సరిపోతే దానికి పట్టదు. ఇక అన్నయ్య లాప్‌టాప్‌లో లినక్స్ తెరిచాను. అందులో ఫైల్లో ముక్కలు వెతికి అవి ఉన్న లైన్లు చూపించే గ్రెప్ కమాండ్‌కు మైనస్ చిన్న ఎఫ్ పెడితే వెతకాల్సిన ముక్కల్ని ఫైలు నుంచి తీసుకుంటుంది, పెద్ద ఎఫ్ పెడితే ఉన్నదున్నట్టు వెతుకుతుంది. ఎంటర్ కొట్టాను. ఒక్క లైనూ రాలేదు.

గంట తల పట్టుకున్నాక తెలిసింది. మా ఫైలు విండోస్‌లో చేసింది. విండోస్ లైను చివర రెండు గుర్తులు పెడుతుంది, లినక్స్ ఒకటే. ఆ అదనపు గుర్తు కంటికి కనపడదు గానీ గ్రెప్ దాన్నీ నంబరులో భాగమే అనుకుంటుంది. తీసేసి మళ్లీ నడిపితే ఈసారి మూడు వేల లైన్లూ వచ్చేశాయి! మా ఫైలు చివర ఒక ఖాళీ లైను ఉంది. ఏమీ లేని ముక్క ప్రతి లైనులోనూ ఉన్నట్టే లెక్క. అంతవరకూ ఆ కనపడని గుర్తు దాంట్లో కూడా ఉండబట్టి నోరు మూసుకుని కూర్చుంది.

అదీ తీసేశాక 371 దొరికాయి. మిగతావాటిని యార్డువాళ్లు మధ్యలో ఖాళీలూ అడ్డగీతలూ పెట్టి కొట్టారు. రెండు ఫైళ్లలోనూ అవన్నీ పీకేస్తే 404.

మిగిలిన 8 దగ్గరే అసలు టెన్షన్. కంటైనర్ నంబరంటే నాలుగక్షరాలు, ఆరంకెల సీరియల్, చివర ఆ నంబరు తప్పు పడితే పట్టించే ఒక చెక్ డిజిట్. అక్షరాలు తప్పు కొట్టారేమోనని ఆరంకెలతోనే వెతికాను. ఆరు దొరికాయి. కళ్లతో చూస్తే అయిదు నిజమైనవే. ఆరోది మాత్రం డ్రైవర్ ఫోను చివరి నాలుగంకెలూ, పక్కనున్న సీలు నంబరు మొదటి రెండంకెలూ కలిసిపోయి పుట్టింది. ఖాళీలు పీకింది నేనే కదా!

మిగిలిన మూడింటికీ చెక్ డిజిట్ లెక్క కట్టాను. ఒక్కో అక్షరానికీ ఒక విలువ ఉంటుంది. అక్షరాల విలువల్నీ అంకెల్నీ వరసగా 1, 2, 4, 8 అలా రెట్టింపవుతూ పోయే సంఖ్యలతో గుణించి, కూడి, 11తో భాగించాలి. మిగిలే శేషమే చివరి అంకె, 10 మిగిలితే సున్నా. పాఠాల్లో ఇచ్చే సి-ఎస్-క్యూ-యు 305438 3 తీసుకుంటే మొత్తం 6185, శేషం 3. మావాటిలో రెండు ఈ లెక్కకు నిలబడలేదు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్, తీసి చూస్తే అంకెలు తారుమారు చేసింది మా ఆఫీసే. యార్డువాళ్లను ఎన్ని తిట్టుకున్నానో! సరిదిద్దితే రెండూ దొరికాయి.

మూడోది లెక్క ప్రకారం సరైన నంబరే. యార్డుకు ఫోన్ చేశాను.

"ఆ బాక్సా మేడం? ఇక్కడే ఉంది కదేటి! ఎవరూ రాలేదు."

సోమవారం సార్‌కు చెబితే వెళ్లిపోయిన 411 గురించి ఒక్క మాటా అడగలేదు. యార్డులో ఉండిపోయిన ఆ ఒక్క బాక్సుకు పడే అద్దె గురించే: "గ్రౌండ్ రెంట్ ఎన్ని రోజులదమ్మా?" అన్నారు.