ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు, ఒక బావమరిది అనుమానం

డాలస్‌కు ఉత్తరాన మేముండే కాలనీలో పికప్ ట్రక్కు కనిపించని వీధి లేదు. పదేళ్ల కిందట కామ్రీతో తృప్తిపడిన తెలుగువాళ్లే ఇప్పుడు పెరటికి మట్టి తెచ్చుకోవడానికి, సరస్సుకు పడవ లాక్కెళ్లడానికి, నిజం చెప్పాలంటే ఎక్కువగా ఆఫీసుకు వెళ్లి రావడానికి, ట్రక్కులు కొంటున్నారు. ఆస్టిన్‌లో ఉండే మా బావమరిదికి కూడా గత నెల ఆ కోరిక కలిగింది. "బావా, అంత పెద్ద బండికి ఇంత చిన్న ఇంజినా? టర్బో తగిలించి దానిచేత గొడ్డుచాకిరీ చేయిస్తే ఎన్నాళ్లుంటుంది?" అని అడిగాడు. ఫోనులో తేలే సంగతి కాదు కనుక ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అతని అనుమానంలో అర్థం ఉంది. టర్బో అంటే ఇంజిన్ పొగ ఒత్తిడితో తిరుగుతూ సిలిండర్లలోకి అదనపు గాలిని నెట్టే చిన్న ఫ్యాను. 2011లో ఫోర్డ్ సంస్థ ఎఫ్-150 పికప్ ట్రక్కులో 3.5 లీటర్ల ఎకోబూస్ట్ వి6ను (ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్) ప్రవేశపెట్టినప్పుడు దాని శక్తి 365 హార్స్‌పవర్, టార్క్ (తిప్పే బలం) 420 పౌండ్-అడుగులు. అదే ఏడాది, అదే ట్రక్కులో వచ్చిన 5 లీటర్ల వి8 (ఎనిమిది సిలిండర్లు, టర్బో లేనిది) ఇచ్చింది 360 హార్స్‌పవర్, 380 పౌండ్-అడుగులు. పైగా వి8 తన పూర్తి టార్క్ ఇవ్వాలంటే నిమిషానికి 4,250 చుట్లు తిరగాలి, టర్బో వి6కు 2,500 చుట్లు చాలు. ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కేటప్పుడు ఈ తేడా డ్రైవరుకు హాయిగా ఉంటుంది. అయితే ఇవే అంకెలను లీటరుకు ఎంత అని లెక్కిస్తే వి8కు 76, టర్బోకు 120 పౌండ్-అడుగులు వస్తాయి. అంటే పూర్తి బరువు లాగుతున్నప్పుడు చిన్న ఇంజిన్ సిలిండర్లలో సగటు పీడనం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. పిస్టన్లు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్ అన్నీ ఆ పీడనాన్ని భరించాలి. వాటికి తోడు, ఎర్రగా కాగే పొగగొట్టం పక్కనే నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో ఇరుసు, పలుచని ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది.

ఇంజినీర్లకు ఇవి తెలియని విషయాలు కావు. 2015లో వచ్చిన 2.7 లీటర్ల ఎకోబూస్ట్ బ్లాకు పైభాగాన్ని, పెద్ద డీజిల్ ఇంజిన్లకు వాడే కాంపాక్టెడ్ గ్రాఫైట్ ఐరన్ అనే గట్టి ఇనుముతో పోశారు. బలం అవసరమైన చోట అల్యూమినియంను నమ్ముకోలేదన్నమాట. అయినా మొదటి తరం టర్బోలకు బాలారిష్టాలు తప్పలేదు. తొలి 3.5 ఇంజిన్లలో, గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో హైవే మీద నిలకడగా పోతుంటే టర్బో నెట్టే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లోపల నీరు చేరేది. ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కితే ఆ నీరు సిలిండర్లలోకి వెళ్లి ఇంజిన్ మిస్‌ఫైర్ అయ్యేది. టైమింగ్ చెయిన్లు సాగిపోవడం మరొక తలనొప్పి. పెట్రోలును నేరుగా సిలిండరులోకే చిమ్మడం వల్ల ఇన్‌టేక్ వాల్వులు కడుక్కునే అవకాశం లేక వాటి మీద మసి పేరుకునేది. 2017లో 3.5కు, మరుసటి ఏడాది 2.7కు, ఇన్‌టేక్ పోర్టులో కూడా ఇంజెక్టర్లు అమర్చడంతో ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. అయితే 2017 తర్వాతి 3.5 ఇంజిన్లలో, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే క్యామ్ ఫేజర్లు గలగలమనడం కొత్తగా మొదలైంది.

ఇంతవరకు మా బావమరిది వాదనే గెలుస్తున్నట్లు కనిపిస్తుంది. కానీ ఈ మధ్యకాలపు పెద్ద రీకాల్‌ల (లోపమున్న బండ్లను కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేయడం) కారణాలు ఒక్కొక్కటిగా చదివితే నా అభిప్రాయం మారింది. టొయోటా 2022లో తన టండ్రా ట్రక్కు నుంచి 5.7 లీటర్ల వి8ను తీసేసి 3.4 లీటర్ల ట్విన్ టర్బో వి6 పెట్టింది. 2024 మేలో సుమారు 1,02,000 బండ్లను రీకాల్ చేసింది. టర్బోలు కాలిపోయాయా అంటే, లేదు. ఇంజిన్ తయారీలో లోహాన్ని కోసినప్పుడు రాలిన రజను పూర్తిగా శుభ్రం కాక లోపలే మిగిలి, మెయిన్ బేరింగులను దెబ్బతీసే ప్రమాదం ఏర్పడింది. 2025 నవంబరులో మరో 1,27,000 బండ్లను ఇదే కారణంతో చేర్చారు. హైబ్రిడ్ టండ్రాలను 2024 రీకాల్‌లో కలపలేదు, కారణం ఇంజిన్ ఆగినా విద్యుత్ మోటారు బండిని కొంతదూరం నడిపించగలదని. ఇంజిన్ మటుకు దాదాపు అదే కనుక, ఈ మినహాయింపు కొన్నవాళ్ల భద్రతకు సంబంధించినదే గాని బేరింగుల ఆరోగ్యానికి సంబంధించినది కాదు.

ఫోర్డ్ 2024లో 2.7, 3.0 లీటర్ల టర్బో ఇంజిన్లున్న 2021, 2022 మోడళ్లను 90 వేలకు పైగా రీకాల్ చేసింది. అక్కడ కారణం ఇన్‌టేక్ వాల్వులు. తయారీలో మితిమీరిన వేడి తగిలిన కొన్ని వాల్వులు పెళుసెక్కి విరిగిపోయాయి. ఇక 2025 ఏప్రిల్‌లో జనరల్ మోటార్స్ ఒక్క అమెరికాలోనే సుమారు 5,97,000 బండ్లను రీకాల్ చేసింది. ఆ ఇంజిన్ 6.2 లీటర్ల వి8, టర్బో ఊసే లేనిది. క్రాంక్‌షాఫ్టులు, కనెక్టింగ్ రాడ్లలో తయారీ లోపాలున్నాయని తేలింది. పరీక్షలో నెగ్గిన బండ్లకు 0డబ్ల్యూ-20 బదులు చిక్కనైన 0డబ్ల్యూ-40 ఆయిల్ పోసి పంపుతున్నారు. పెట్రోలు పొదుపు కోసం పలుచని ఆయిల్ పోయిస్తూ వచ్చిన పరిశ్రమ, బేరింగుల మీద బెంగ పుట్టగానే చిక్కని ఆయిల్‌కు తిరిగి వెళ్లడం నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచింది. సిలిండర్ల సంఖ్య, టర్బో ఉండటం లేకపోవడం వీటిలో దేనికీ మూలకారణం కాదు.

అలాగని చిన్న టర్బో, పెద్ద వి8 సమానమేనని నేను అనను. వి8 మన నిర్లక్ష్యాన్ని కొంతవరకు సహిస్తుంది, టర్బో సహించదు. తక్కువ వేగంలో ఎక్కువ లోడ్ పడినప్పుడు, సిలిండరులోకి చేరిన ఆయిల్ తుంపర స్పార్క్ రాకముందే అంటుకుని పిస్టన్‌ను పగలగొట్టగలదు. ఈ ప్రమాదం కోసమే 2018లో ఆయిల్‌కు ఎస్‌ఎన్ ప్లస్ అనే కొత్త ప్రమాణం తెచ్చారు, తర్వాత ఎస్‌పి వచ్చింది. ఇంతకంటే మెల్లగా సాగే నష్టం మరొకటి ఉంది. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తుంటే పెట్రోలు ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. నా ట్రక్కుదీ చిన్న టర్బో వి6 ఇంజినే. ఇంటి నుంచి పని చేసిన రోజుల్లో అది కిరాణా కొట్టుకు, పిల్లల బడికి తప్ప ఎక్కడికీ వెళ్లలేదు. ఆ ఏడాది ఆయిల్‌ను ల్యాబుకు పంపితే అందులో పెట్రోలు శాతం ఎక్కువగా ఉందని నివేదిక వచ్చింది. తప్పు నాదే. అప్పటినుంచి డ్యాష్‌బోర్డు ఏమి చెప్పినా 5,000 మైళ్లకే ఆయిల్ మారుస్తున్నాను, వారానికి ఒకసారైనా హైవే మీద అరగంట తిప్పుతున్నాను.

మన వైపు లారీ డ్రైవర్లు ఘాట్ దిగి ఆగినప్పుడు ఇంజిన్‌ను వెంటనే కట్టేయకుండా రెండు నిమిషాలు ఉత్తినే తిరగనిచ్చేవారు. చిన్నప్పుడు అది డీజిల్ దండగ అనుకునేవాణ్ణి. టర్బో ఇరుసు దగ్గరి ఆయిల్ మాడిపోకుండా చల్లారనివ్వడమే అందులోని కిటుకని ట్రక్కు కొన్నాకగాని తెలియలేదు. ఇప్పటి టర్బోల చుట్టూ కూలెంట్ కూడా ప్రవహిస్తుంది కనుక రోజువారీ ప్రయాణాలకు ఆ జాగ్రత్త అవసరం లేదు గాని, ట్రైలర్ లాగి వచ్చిన రోజున నేనింకా పాటిస్తాను.

బావమరిది వాడిన బండ్లు రెండు చూసి పెట్టుకున్నాడు. ఒకటి వి8, దానికి సర్వీసు కాగితాలేవీ లేవు. రెండోది 2019 టర్బో వి6, మొదటి ఓనరు ఆయిల్ బిల్లులన్నీ ఫైలు చేసి పెట్టాడట. నేను రెండో బండి వైపే మొగ్గాను. చాసిస్ నంబరుతో రీకాల్‌లు పెండింగులో ఉన్నాయేమో ప్రభుత్వ వెబ్‌సైటులో ముందు చూసుకొమ్మన్నాను. శనివారం ఉదయం చెప్పిన సమయానికి అరగంట ముందే వెళ్లి, ఇంజిన్ రాత్రంతా చల్లబడి ఉండగానే తానే స్టార్ట్ చేసి, మొదటి ఐదు సెకన్లు రేడియో ఆపి, ఆ క్యామ్ ఫేజర్ల గలగల ఉందేమో వినమన్నాను. అమ్మే పెద్దమనిషి అప్పటికే ఇంజిన్ వేడి చేసి ఉంచితే, కాఫీ తాగి మరునాడు మళ్లీ వస్తానని చెప్పి వచ్చేయమన్నాను.