ట్రాక్టర్ షెడ్డు నేలలో గరిక, వెంపలి: 14 నెలల లెక్క

హసన్‌పర్తి దగ్గర మా జాగలో ఒక గుంట నేల మీద ఇరవై ఏళ్లు ట్రాక్టర్ రిపేరు షెడ్డు ఉండేది. వాడేసిన ఇంజిన్ ఆయిల్ అక్కడే పారబోసేవాళ్లు. షెడ్డు తీసేశాక చూస్తే జానెడు లోతు దాకా మట్టి నల్లగా, జిడ్డుగా ఉంది, నీళ్లు పోస్తే ఇంకకుండా తామరాకు మీద లాగా దొర్లిపోయేవి. ఆ మట్టి ఎత్తి బయట పోసెయ్యమని అందరూ అన్నారు కానీ ఎక్కడ పోసినా ఇంకొకరి చెల్కలోనో చెరువులోనో కలిసేదే కదా. అంచుల్లో గరిక తనంతట తానే లోపలికి పాకుతుండటం చూసి, మట్టిని బాగుచెయ్యడానికి దాన్నే నమ్ముకున్నాను.

ఆయిల్‌ను గరిక పీల్చెయ్యదు. దాన్ని తినేది మట్టిలో ఉండే బ్యాక్టీరియా, వేళ్లు వాటికి గాలి ఆడేలా చేసి, చక్కెరలు వదులుతాయి. ఆయిల్ నిండా కార్బనే, నత్రజని దాదాపు ఉండదు కాబట్టి అది మనమే ఇవ్వాలి. కార్బన్, నత్రజని, భాస్వరం 100:10:1 పాళ్లలో ఉంటే మంచిదంటారు.

మొదటిసారి మే నెలలో నల్లటి చోటే వెంపలి గింజలు చల్లాను, ఒక్కటీ లేవలేదు. మిరుగు వానలు పడ్డాక గడ్డపారతో అడుగు లోతు గుల్ల చేసి, ఆరు తట్టల పెండ ఎరువు కలిపి, గరికను వేళ్లకున్న మట్టితో సహా మూరెడు దూరంలో నాటాను. యూరియా గుంటకు కిలో చొప్పున, నెలకోసారి, మూడుసార్లు. వెంపలి గింజ పైపొట్టు గట్టిది, ఇసుకతో రుద్ది రాత్రంతా నానబెడితేనే మొలిచింది. అది పప్పుజాతి మొక్క, దాని వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని మట్టికి చేరుస్తాయి.

మట్టి ఎంత బాగుపడిందో కొలవడానికి పెసలే నా మీటరు. డబ్బాలో మట్టి నింపి 20 గింజలు పెట్టి, వారం తర్వాత లెక్కపెడతాను. మొదట్లో 3 మొలిచాయి, పక్క చెల్క మట్టిలో 19. ఈ జులైలో నడిమధ్య మట్టిలో 14, అంచున 18. పైమట్టిలో నీళ్లు ఇంకుతున్నాయి. అడుగు లోతున మాత్రం ఇంకా వాసన ఉంది, అక్కడికి గాలి చేరలేదు.

ఒక విషయం గట్టిగా చెప్తాను. పాత ఆయిల్‌లో ఇంజిన్ అరుగుదల వల్ల కలిసిన లోహాలు ఉంటాయి, బ్యాక్టీరియా వాటిని తినలేవు. అందుకే బాబాయ్ మేకలు రాకుండా చుట్టూ తుమ్మకంప వేశాను, కోసిన గడ్డి పశువులకు వెయ్యను, కాల్చను. పోయిన బతుకమ్మకు అంచున గునుగు బాగా పూసింది. అమ్మ కోసుకుంటానంటే, చెరువులో వేసేవి కదా, ఇవి వద్దమ్మా అని వేరే చెల్క నుంచి తెచ్చిచ్చాను. కూరగాయలు పెట్టాలంటే ముందు ల్యాబులో లోహాల పరీక్ష చేయించాలి.

ఈ వారం నడిమధ్య మళ్లీ గుల్ల చేసి, కిందిమట్టి పైకి తెచ్చి వెంపలి చల్లుతున్నాను. దసరా తర్వాత మళ్లీ పెసలు పెడతాను, ఈసారి పై జానెడు మట్టికి, అడుగు లోతు మట్టికి వేర్వేరు డబ్బాలు.